హ్యారీ పాటర్ ముగింపు: స్లిథరిన్ పిల్లల సంగతి రచయిత్రి మరిచిపోయారా?

ప్రశ్న

జె.కె. రౌలింగ్ రాసిన హ్యారీ పాటర్ పుస్తకాలు ఏడింటినీ ఎనిమిదో తరగతి చదువుతున్న మా అమ్మాయితో కలిసి ఇటీవల వరుసగా మళ్లీ చదివాను. మొదటి పుస్తకం 1997లో, చివరిది 2007లో వెలువడ్డాయి కాబట్టి నా తరం పాఠకులలో చాలామంది వాటి కోసం ఏళ్ల తరబడి ఎదురుచూస్తూ ఒక్కొక్కటిగా చదివినవారే. అలా విడివిడిగా చదివినప్పుడు నా దృష్టికి రాని విషయం ఒకటి, ఏడూ ఒక్క బిగిన చదివేసరికి కొట్టొచ్చినట్టు కనిపించింది. ఎంతో ఇష్టపడిన పుస్తకాల విషయంలో ఇంత నిరాశ కలగడం నాకు బాధగానే ఉంది. అందుకే మీ అందరి అభిప్రాయం అడుగుతున్నాను.

హాగ్వార్ట్స్ అనే మంత్రవిద్యల బడిలో చేరిన మొదటి రాత్రే పదకొండేళ్ల పిల్లల తలపై ఒక టోపీ పెడతారు. అది వాళ్ల మనసులోకి చూసి, ధైర్యవంతులను గ్రిఫిండార్‌కు, తెలివైనవారిని రేవెన్‌క్లాకు, కష్టపడే స్వభావం గలవారిని హఫుల్‌పఫ్‌కు, పైకి రావాలన్న పట్టుదలా యుక్తీ ఉన్నవారిని స్లిథరిన్‌కు పంపుతుంది. ఆ తరువాత ఏడేళ్లపాటు వాళ్ల తిండీ నిద్రా ఆటలూ అన్నీ ఆ హౌస్‌తోనే, అంటే తమను వేసిన ఆ విద్యార్థి బృందంతోనే ముడిపడి ఉంటాయి. దారి తప్పిన మంత్రగాళ్లందరూ స్లిథరిన్‌లో చదివినవారేనని ఆ బడిలో పనిచేసే హాగ్రిడ్ కథానాయకుడు హ్యారీకి బడిలో అడుగుపెట్టకముందే చెబుతాడు. మొదటి పుస్తకం చివర హౌస్ కప్పు పంపిణీ నాటికి స్లిథరిన్‌కు 472 పాయింట్లు, గ్రిఫిండార్‌కు 312 ఉంటాయి. హాలంతా స్లిథరిన్ ఆకుపచ్చ రంగుతో అలంకరించి ఉండగా ప్రధానోపాధ్యాయుడు డంబుల్‌డోర్ లేచి, అప్పటికప్పుడు గ్రిఫిండార్ పిల్లలైన హ్యారీకి 60, రాన్‌కు 50, హెర్మయనీకి 50, నెవిల్‌కు 10 పాయింట్లు ఇవ్వడంతో గ్రిఫిండార్ 482కు చేరి గెలుస్తుంది. చిన్నప్పుడు ఆ ఘట్టం నాకు గొప్ప ఆనందాన్ని ఇచ్చింది. ఇప్పుడు మాత్రం ఆ ఆకుపచ్చ బల్ల దగ్గర కూర్చున్న మొదటి సంవత్సరం పిల్లల గురించే ఆలోచించాను. ఏడాది పొడవునా పాయింట్లు సంపాదించుకున్న ఆ పిల్లలు, తమ ఓటమిని చూసి మిగిలిన మూడు బల్లల వాళ్లూ కేరింతలు కొడుతుంటే ఏమి నేర్చుకుని ఉంటారు?

ఇది రచయిత్రికి తట్టని విషయమని నేను అనడం లేదు. తట్టింది కాబట్టే నా నిరాశ ఎక్కువైంది. 2003లో వచ్చిన అయిదో పుస్తకంలో ఆ టోపీయే తన పాటలో, పిల్లలను ఇలా విడదీయడం మంచిది కాదేమోననీ, లోపల ఐక్యంగా లేకపోతే బడి కూలిపోతుందనీ హెచ్చరిస్తుంది. ఏడో పుస్తకంలో స్లిథరిన్ ఉపాధ్యాయుడు స్నేప్ జ్ఞాపకాలలో డంబుల్‌డోర్ కూడా, మనం పిల్లలను మరీ తొందరపడి వేరుచేస్తున్నామేమోనని అంటాడు. ఇన్ని సూచనలు చూసిన పాఠకురాలిగా, దుష్ట మంత్రగాడు వోల్డెమార్ట్‌తో జరిగే చివరి యుద్ధంలో కొందరు స్లిథరిన్ పిల్లలైనా మిగతావారి పక్కన నిలబడతారని ఎదురుచూశాను. అలా జరగలేదు. హ్యారీని అప్పగించేద్దామని స్లిథరిన్ విద్యార్థిని పాన్సీ పార్కిన్‌సన్ అరవడం, స్లిథరిన్ బల్ల మొత్తం ఖాళీ కావడం, అంతటితో సరి. ఆ తరువాత 19 ఏళ్లకు జరిగే చివరి అధ్యాయంలో ప్లాట్‌ఫారం మీద నిలబడ్డ హ్యారీ రెండో కొడుకు, తనను స్లిథరిన్‌లో వేస్తారేమోనని తండ్రి ముందు భయపడుతుంటాడు. టోపీ అదే, బల్లలు అవే, భయమూ అదే.

నేను గమనించనిది ఏదైనా పుస్తకంలో ఉందా? బడి నేపథ్యంగా సాగే ఇలాంటి కాల్పనిక గాథలలో, తాను లేవనెత్తిన ప్రశ్నను చివరిదాకా వదలకుండా పట్టుకున్నది ఏదైనా ఉంటే అదీ చెప్పగలరు.

మొదటి సమాధానం

మీ ఆవేదన అర్థమైందండీ, కానీ ముగింపులో రచయిత్రి ఏమీ చేయలేదన్న మాటతో నేను ఏకీభవించలేను. కథ గెలుపు ఎవరి మీద ఆధారపడిందో ఒకసారి చూడండి. వోల్డెమార్ట్ ప్రాణరహస్యాన్ని అందరికంటే ముందు కనిపెట్టి, అది దాగి ఉన్న లాకెట్‌ను మార్చివేసి, ప్రాణం ఇచ్చినవాడు రెగ్యులస్ బ్లాక్. ఏళ్ల తరబడి ఒంటరిగా రెండు వైపులా నడిచినవాడు స్నేప్. అడవిలో హ్యారీ బతికే ఉన్నాడని తెలిసీ, చనిపోయాడని వోల్డెమార్ట్‌కు అబద్ధం చెప్పి అతనిని కాపాడినది నార్సిసా మాల్ఫోయ్. ముగ్గురూ స్లిథరిన్‌వారే. మరోవైపు హ్యారీ తల్లిదండ్రులను పట్టిచ్చిన పీటర్ పెటిగ్రూ గ్రిఫిండార్‌వాడు. అంటే హాగ్రిడ్ మొదట చెప్పిన మాట తప్పని కథే నిరూపించింది. మీరు చెప్పిన ఆ ప్లాట్‌ఫారం మీదే హ్యారీ తన కొడుకుతో, నీకు ఎవరి పేరు పెట్టానో వారిలో ఒకరు స్లిథరిన్‌వారు, బహుశా నేను చూసినవారందరిలో ధైర్యవంతుడు ఆయనే అని స్నేప్ గురించి చెబుతాడు. ఒక తండ్రి తన తరంలో ఉన్న ద్వేషాన్ని కొడుకు దాకా రానివ్వకుండా ఆపడం చిన్న విషయం కాదు.

ఇంకొక వాక్యం కూడా మీ దృష్టికి తేవాలి. యుద్ధం ముగిశాక హాలులో హౌస్ బల్లలు మళ్లీ వేస్తారు. కానీ ఎవరూ హౌస్ ప్రకారం కూర్చోరు. ఉపాధ్యాయులు, విద్యార్థులు, తల్లిదండ్రులు, దయ్యాలు, సెంటార్లు, ఇంటిపని చేసే ఎల్ఫులు అందరూ కలగలిసి కూర్చుంటారు. వెయ్యేళ్ల అలవాటు ఒక్క ఉదయం మాయమైన ఆ దృశ్యాన్ని రచయిత్రి ఉపన్యాసం లేకుండా చూపించారు. ఆ తరువాత బడి మళ్లీ పాత పద్ధతికి వెళ్లిందంటే, పెద్ద సంస్థలు నిజజీవితంలో అలాగే ప్రవర్తిస్తాయి. దానిని లోపమనడం కంటే వాస్తవికత అనవచ్చునని నా నమ్మకం.

ప్రశ్న వేసినవారి స్పందన

కలగలిసి కూర్చున్న ఆ వాక్యాన్ని నేను తేలికగా దాటిపోయాను, గుర్తుచేసినందుకు ధన్యవాదాలు. అయితే మీరు చెప్పిన ముగ్గురూ పెద్దవాళ్లే, పైగా ముగ్గురూ చేసిన మంచిని రహస్యంగా చేసినవాళ్లే. నేను అడిగింది పిల్లల గురించి. పెద్దలైన స్లిథరిన్‌వారు మారగలరని చూపించి, పదిహేనేళ్ల స్లిథరిన్ పిల్లలలో ఒక్కరికైనా ఆ అవకాశం ఎందుకు ఇవ్వలేదు?

రెండో సమాధానం

ఈ విషయంలో నేను ప్రశ్న వేసినవారి పక్షానే ఉన్నాను. పైగా పుస్తకంలోని ఆధారాలు వారు చెప్పినదాని కంటే తీవ్రంగా ఉన్నాయి. అయిదో పుస్తకంలో హ్యారీ రహస్యంగా రక్షణవిద్య నేర్పే బృందంలో మూడు హౌస్‌ల పిల్లలు ఉంటారు, స్లిథరిన్ నుంచి ఒక్కరూ ఉండరు. వాళ్లను పిలవాలన్న ఆలోచన కూడా ఎవరికీ రాదు. ఏడో పుస్తకంలో విద్యార్థులు దాక్కున్న గదిలో గ్రిఫిండార్ సింహం, హఫుల్‌పఫ్ బ్యాడ్జర్, రేవెన్‌క్లా గద్ద జెండాలు వేలాడుతుంటాయి. స్లిథరిన్ రంగులు మాత్రమే లేవని రచయిత్రి ప్రత్యేకంగా రాశారు. యుద్ధం మధ్యలో వోల్డెమార్ట్, లూషియస్ మాల్ఫోయ్‌తో మాట్లాడుతూ, నీ కొడుకు మిగతా స్లిథరిన్‌వారిలా వచ్చి నాతో చేరలేదు అంటాడు. అంటే హాలులోంచి వెళ్లిపోయినవారు ఇళ్లకు వెళ్లి తటస్థంగా కూర్చున్నారని సమర్థించుకోవడానికి కూడా ఆ వాక్యం అవకాశం ఇవ్వడం లేదు. పెద్దవాడైన స్లిథరిన్ ఉపాధ్యాయుడు స్లగ్‌హార్న్ తిరిగివచ్చి పోరాడతాడు, నిజమే. కానీ అతని వెంట వచ్చినది పోరాడటానికి అక్కడే ఉండిపోయిన పిల్లల కుటుంబాలూ మిత్రులూ హాగ్స్‌మీడ్ ఊరివాళ్లూ. స్లిథరిన్ పిల్లలు వచ్చారని పుస్తకం చెప్పదు.

స్లిథరిన్ పిల్లలలో లూషియస్, నార్సిసాల కొడుకు డ్రాకో ఒక్కడికే కొంత లోపలి జీవితం దక్కింది. బడి బురుజు మీద డంబుల్‌డోర్‌ను చంపాల్సిన వేళ అతని మంత్రదండం కొద్దిగా కిందికి దిగడం, తన ఇంట్లో బందీగా ఉన్న హ్యారీని గుర్తుపట్టానని గట్టిగా చెప్పలేకపోవడం, నా దృష్టిలో మొత్తం గాథలోని మంచి ఘట్టాలలో రెండు. కానీ అతనిని అక్కడే ఆపేశారు. థియడోర్ నాట్, బ్లేజ్ జాబినీ వంటి తోటి స్లిథరిన్ పిల్లల గురించి వాళ్ల పేర్లకు మించి మనకు తెలిసేది చాలా తక్కువ.

నన్ను ఇంకా ఎక్కువ నిరాశపరిచిన విషయం మరొకటి ఉంది. స్లిథరిన్ మిగతా మూడింటి వంటి హౌస్ కాదు. దాని స్థాపకుడు మంత్రగాళ్ల వంశాలలో పుట్టినవారికి మాత్రమే చదువు చెప్పాలన్నవాడు, మిగతా పిల్లలను చంపడానికి బడి కిందనే ఒక సర్పాన్ని దాచి వెళ్లినవాడు. రెండో పుస్తకంలో ఆ హౌస్ గదిలోకి వెళ్లడానికి వాడే సంకేతపదం ‘శుద్ధ రక్తం’. కులం అంటే ఏమిటో తెలిసిన సమాజంలో పుట్టిన నాకు ఈ మాట పుట్టించే జుగుప్స అంతా ఇంతా కాదు. పుట్టుకను బట్టి చదువు అన్న సిద్ధాంతం పేరునే ఒక బడి వెయ్యేళ్లపాటు తన నాలుగింట ఒక భాగానికి పెట్టుకుని, ఆ సిద్ధాంతం కోసం రెండు యుద్ధాలు జరిగాక కూడా దానిని అలాగే కొనసాగిస్తే, అందులో పడిన పిల్లవాడిని తండ్రి ఎంత ప్రేమగా ఓదార్చినా సరిపోదు. మొదటి సమాధానం రాసినవారు దీనిని వాస్తవికత అన్నారు. బడి మారకపోవడం వాస్తవికతే కావచ్చు. కానీ మారాలని అడిగే ఒక్క గొంతు కూడా ఆ చివరి అధ్యాయంలో లేదు. రాన్ తన కూతురితో గ్రిఫిండార్‌లో చేరకపోతే ఆస్తి ఇవ్వనని నవ్వుతూ అంటాడు. అది నవ్వులాటేనని నాకూ తెలుసు. ఆ పిల్లల మనసులో భయాన్ని నాటేవి అటువంటి మాటలే.

మూడో సమాధానం

నేను జవహర్ నవోదయ విద్యాలయంలో చదువుకున్నాను. ఆరో తరగతిలో చేరాను, అంటే దాదాపు హ్యారీ వయసులోనే. నవోదయ విద్యాలయాలు ఏ రాష్ట్రంలో ఉన్నా అరావళి, నీలగిరి, శివాలిక్, ఉదయగిరి అనే నాలుగు హౌస్‌లు ఉంటాయి. ఇల్లు వదిలి వచ్చిన పిల్లలకు హౌసే కుటుంబం అవుతుంది. ఆటల పోటీలలో, సాంస్కృతిక కార్యక్రమాలలో హౌస్ కోసం గొంతు చించుకుని అరిచేవాళ్లం. కాబట్టి హౌస్ అనే ఏర్పాటులోనే తప్పు ఉందని నేను అనుకోను. బ్రిటన్‌లోని ఆవాస పాఠశాలలలో పుట్టిన ఈ పద్ధతి, ఆ పాఠశాలల గురించి పందొమ్మిదో శతాబ్దం నుంచి వస్తున్న కథల ద్వారానే ఈ పుస్తకాలలోకి వచ్చింది.

తేడా ఎక్కడుందంటే, నన్ను నీలగిరిలో వేసినప్పుడు నా గుణం ఇదీ అని ఎవరూ తీర్పు చెప్పలేదు. నీలగిరివాళ్లు పిరికివాళ్లనీ, ఉదయగిరివాళ్లు మోసగాళ్లనీ అనుకోవడానికి ఎవరికీ ఆధారం లేదు. పోటీ మైదానంలో మొదలై మైదానంలోనే ముగిసేది, తరగతిలో అన్ని హౌస్‌ల వాళ్లమూ పక్కపక్కనే కూర్చునేవాళ్లం. పైగా నవోదయలో తొమ్మిదో తరగతికి వచ్చేసరికి కొంతమంది విద్యార్థులను ఏడాదిపాటు వేరే భాషా ప్రాంతంలోని విద్యాలయానికి పంపుతారు, అక్కడి పిల్లలు ఇక్కడికి వస్తారు. తెలుగు పిల్లలు హిందీ ప్రాంతానికి వెళ్లి, మొదట్లో మాట కలవక ఇబ్బంది పడి, చివరికి ఏడుస్తూ వీడ్కోలు చెప్పి తిరిగివచ్చేవారు. పిల్లలను గుంపులుగా చేశాక, ఆ గుంపు గోడ దాటించే ఏర్పాటు కూడా బడే చేయాలన్న ఆలోచన దాని వెనుక ఉంది. హాగ్వార్ట్స్‌లో లేనిది అదే. అక్కడ ఒక హౌస్ విద్యార్థి ఇంకొక హౌస్ గదిలోకి వెళ్లాలంటే రెండో పుస్తకంలోలాగా రూపం మార్చుకుని దొంగతనంగా వెళ్లాల్సిందే. నాలుగో పుస్తకంలో వేరే దేశాల బడులతో స్నేహం పెంచే అంత పెద్ద పోటీకి ఆతిథ్యం ఇచ్చిన డంబుల్‌డోర్‌కు, తన సొంత బడిలోని నాలుగు బల్లలను కలపాలన్న ఆలోచన ఆచరణలోకి ఎందుకు రాలేదో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

నాలుగో సమాధానం

మీరు అడిగిన రెండో ప్రశ్నకు నా దగ్గర ఒక సమాధానం ఉంది. అర్సులా లె గ్విన్ రాసిన ఎర్త్‌సీ గాథ చదవండి. మొదటి నవల 1968లో వచ్చింది. అందులో గెడ్ అనే కుర్రవాడు రోక్ దీవిలోని మంత్రవిద్యల బడికి వెళతాడు. తోటి విద్యార్థి మీద పంతంతో, చనిపోయినవారి ఆత్మను పిలిచే ప్రయత్నం చేసి, ఒక నీడను లోకంలోకి వదులుతాడు. అతనిని కాపాడే ప్రయత్నంలో బడి అధిపతి ప్రాణమే పోతుంది. ఇక్కడ చెడుకు ప్రత్యేకంగా ఒక హౌస్ ఉండదు. ఆ నీడ గెడ్ నుంచి పుట్టిందే, నవలంతా అతను దానితో తలపడటమే.

అయితే నేను దానిని సూచించడానికి అసలు కారణం తరువాత జరిగినది. రోక్ బడిలో మగపిల్లలకే ప్రవేశం. ఆడవాళ్ల మంత్రం బలహీనమైనదనీ, చెడ్డదనీ ఆ లోకంలో సామెతలు కూడా ఉంటాయి. 1972 నాటికి మూడు నవలలు పూర్తయ్యాయి, పేరు వచ్చింది, అక్కడితో ఆపేసినా ఎవరూ తప్పుపట్టేవారు కాదు. కానీ లె గ్విన్ 1990లో నాలుగో నవలతో తిరిగివచ్చి, అదే లోకాన్ని ఒక మధ్యవయసు స్త్రీ కళ్లతో, హింసకు గురైన ఒక చిన్నపిల్ల కళ్లతో చూపించారు. గెడ్ అప్పటికి శక్తులన్నీ కోల్పోయి ఉంటాడు. 2001లో వచ్చిన కథల సంపుటిలో ఇంకా ముందుకు వెళ్లి, రోక్ బడిని స్థాపించినవారిలో స్త్రీలు కూడా ఉన్నారనీ, తరువాతి తరాలు వారిని బయటికి నెట్టాయనీ రాశారు. తాను సృష్టించిన బడి మీద తానే విచారణ జరిపిన రచయిత్రులు అరుదు. ఆ మార్పు నచ్చని పాఠకులు ఉన్నారు. మొదటి మూడు నవలలలోని గాంభీర్యం నాలుగో దానిలో పోయిందని వారి వాదన. నా మటుకు నాలుగోదే అన్నింటిలోకీ గొప్పది.

అయిదో సమాధానం

చర్చలో ఇంకా రాని ఒక విషయం. 2016లో లండన్‌లో ప్రదర్శన మొదలైన హ్యారీ పాటర్ నాటకంలో, ప్లాట్‌ఫారం మీద భయపడిన ఆ కొడుకు నిజంగానే స్లిథరిన్‌లో పడతాడు. డ్రాకో కొడుకు స్కార్పియస్ అతని ప్రాణస్నేహితుడు అవుతాడు. సౌమ్యుడు, చదువరి అయిన స్కార్పియస్ పాత్ర మీరు కోరుకున్న స్లిథరిన్ పిల్లవాడే. నాటకం మొత్తంగా నాకు నచ్చలేదు, కథ కాలప్రయాణాల చిక్కులలో పడిపోయింది. దానిని రాసినది జాక్ థోర్న్, కథలో మాత్రమే రౌలింగ్‌కు భాగం ఉంది కాబట్టి దానిని ఎనిమిదో పుస్తకంగా చదవాలా వద్దా అన్నది మీ ఇష్టం. కానీ ఆ ఇద్దరు పిల్లల స్నేహం కోసం చదవవచ్చు.

ప్రశ్న వేసినవారి స్పందన

అందరికీ ధన్యవాదాలు. మొదటి సమాధానం రాసినవారు చూపిన ఆ కలగలిసిన హాలు దృశ్యాన్ని మళ్లీ చదివాను. చాలా అందంగా ఉంది. అయితే ఆ దృశ్యంలోనే మాల్ఫోయ్ కుటుంబం ముగ్గురూ, తాము అక్కడ ఉండవచ్చో లేదో తెలియక ఒకరినొకరు పట్టుకుని కూర్చున్నారనీ, వాళ్లను ఎవరూ పట్టించుకోలేదనీ ఉంది. వెళ్లగొట్టనూ లేదు, పలకరించనూ లేదు. ఒక్కరైనా వెళ్లి వారి పక్కన కూర్చునే వాక్యం అక్కడ ఉంటే, నాకు ఈ ప్రశ్న అడగవలసిన అవసరం వచ్చేది కాదు. నవోదయ అనుభవం రాసినవారి మాటతో నా నిరాశకు సరైన రూపం దొరికింది. హౌస్ ఉండటం నాకు అభ్యంతరం కాదు, ఆ హౌస్ పిల్లల గుణం మీద తీర్పుగా మారడమే నా అభ్యంతరం.

ఎర్త్‌సీని మా అమ్మాయితో కలిసే చదవాలని ఉంది. ఏ క్రమంలో చదవాలి? నాలుగో నవల ఆమె వయసుకు తగినదేనా?

నాలుగో సమాధానం రాసినవారి స్పందన

ప్రచురణ క్రమంలోనే చదవండి. 2001లో కథల సంపుటీ, చివరి నవలా రెండూ వచ్చాయి. వాటిలో సంపుటిని ముందు చదవాలి, ఎందుకంటే అందులోని చివరి కథలో వచ్చే అమ్మాయి నవలలో మళ్లీ కనిపిస్తుంది. మొదటి మూడు నవలలూ ఎనిమిదో తరగతి అమ్మాయి హాయిగా చదవగలదు. నాలుగోదానిలో పెద్దలు ఒక చిన్నపిల్ల పట్ల చేసిన క్రూరత్వం కథకు మూలం, కొన్ని పేజీలు పెద్దవాళ్లకే బరువుగా ఉంటాయి. ముందు మీరు ఒక్కరే చదివి, ఆ తరువాత ఆమెకు ఇప్పుడే ఇవ్వాలా, ఒకటి రెండేళ్లు ఆగాలా అన్నది నిర్ణయించుకోండి.